గాడిదగడపాకు మడి

తొంభై తొమ్మిది తుపాను వచ్చి పోయిన వెంటనే నన్ను టెక్కలి నుంచి ఉద్దానంలోని ఒక ఊరికి బదిలీ చేశారు. నేను పశువుల ఆసుపత్రిలో కంపౌండరును. కాగితాల మీద ఆ ఉద్యోగానికి ఇంకా పెద్ద పేరే ఉంది గానీ జనం ఎప్పుడూ కంపౌండరనే అన్నారు, నాకూ అదే అలవాటైంది. ఇప్పుడు ఈ శాఖలో కొత్తగా చేరుతున్న మీకు మందులు వేళకి అందుతున్నాయి, అనుమానం వస్తే అడగడానికి జేబులో ఫోను ఉంది. మాకు ఆ రెండూ లేవు. ఈ మొక్క సంగతి చెప్పే ముందు ఆ మాట చెప్పుకోవాలి. లేకపోతే ఇదంతా తెలివితక్కువ పనిలా కనిపిస్తుంది. ఇప్పుడు చూస్తే కొంత అలాగే కనిపిస్తుంది కూడా.

ఆ ఊరు పలాసకూ సముద్రానికీ మధ్యన ఉంటుంది. పేరు చెప్పను, ఇందులోని మనుషులు కొందరు ఇంకా అక్కడే ఉన్నారు. కొబ్బరితోటలు, జీడితోటలు, వాటి మధ్య పనసచెట్లు. నేను వెళ్ళేసరికి వాటిలో సగం నేలమీద పడుకుని ఉన్నాయి. బస్సు రోడ్డు దాకానే వెళ్ళింది. అక్కణ్ణుంచి మందుల పెట్టె భుజాన పెట్టుకుని, కూలిన కొబ్బరిమానులు దాటుకుంటూ నడిచాను. ఆసుపత్రి రెండు గదుల పెంకుటిల్లు. పెంకులు చాలావరకు ఎగిరిపోయాయి.

లోపల ఇద్దరున్నారు. ఒకరు డాక్టరు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన అమ్మాయి, మొదటి పోస్టింగు. మేడమ్ అనేవాళ్ళం. ఆ ఊరు ఎవరూ కోరుకోని పోస్టింగు కాబట్టి ఆమెను చాలాకాలం ఎవరూ కదపలేదు. రెండోవాడు అటెండరు, ఆ ఊరివాడే. బాప్టిస్టు సంఘంలో పెద్ద. నాకంటే బాగా పెద్దవాడు. ఆ వైపు చుట్టరికం లేకపోయినా బావా అనీ మావా అనీ పిలుచుకోవడం మామూలే కాబట్టి నేనాయన్ని మావ అనేవాణ్ణి. ఆయన నన్ను కంపౌండరు బావూ అనేవాడు, బాబూ అనేది ఆ ఊరి నోట అలా పలుకుతుంది.

తుపాను తర్వాత పశువుల ఆసుపత్రికి వచ్చే జబ్బు ఒకటే, పుండ్లు. చెట్లు విరిగిపడి, పాకలు కూలి, రేకులు కోసుకుపోయి దెబ్బలు తగిలిన ఎడ్లు, ఆవులు. వానలు ఆగలేదు, ఈగలు ముసిరాయి, పుండ్లలో పురుగులు పడ్డాయి. పురుగు పడిన పుండుకి టర్పెంటైను నూనెలో ముంచిన దూది పెడితే పురుగులు పైకి వస్తాయి, పట్టకారుతో తీసి కట్టు కట్టాలి. అది మీకూ తెలుసు. మా టర్పెంటైను నాలుగు రోజుల్లోపే అయిపోయింది. జిల్లా నుంచి మళ్ళీ ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. మనుషులకే బియ్యం అందని సమయం, ఎడ్లకి టర్పెంటైను కావాలని గట్టిగా అడగడానికి నోరు రాలేదు.

ఒక రైతు తన ఎద్దును రోజూ తెచ్చేవాడు. దాని మూపురం మీద దూలం పడింది. పుండు లోపలికి పోయింది. పట్టకారుతో పైపైన ఎన్ని పురుగులు తీసినా మర్నాటికి మళ్ళీ ఉండేవి. ఎద్దు మేత మానేసింది. రైతు కూడా సరిగ్గా తిన్నట్టు లేడు.

"ఇంకేటీ నేదా బావూ మీ దగ్గర?" అని అడిగాడు ఒకరోజు. కోపంగా కాదు, మామూలుగానే అడిగాడు.

అప్పుడు నాకు మా ఊరి గాడిదగడపాకు గుర్తొచ్చింది. మాది టెక్కలి దగ్గర రావివలస. నల్లరేగడి గట్ల మీద, ఎవరూ నీళ్ళు పొయ్యని చోట నేలబారున పాకే మొక్క అది. బూడిదరంగు ఆకులు, గాడిద డెక్క ఆకారంలో ఉంటాయి. నలిపితే కంపు కొడుతుంది, ఏ పశువూ నోరు పెట్టదు. మా ఇంట్లో గేదెకి పురుగు పడితే మా అమ్మ ఆ ఆకు దంచి రసం పిండేది. పిల్లలకి కడుపులో పురుగులుంటే అదే ముద్ద బొడ్డు చుట్టూ పట్టించేది. నా బొడ్డు చుట్టూ కూడా చాలాసార్లు పట్టించింది.

ఆదివారం మా ఊరు వెళ్ళి గోనెసంచి నిండా తెచ్చాను. మేడమ్ ఒక ఆకు చిదిమి వాసన చూసి మొహం పక్కకి తిప్పుకున్నారు.

"పని చేస్తుందా?"

"మా గేదెకి చేసిందండి."

"ఒక్క గేదెకా?"

"మా ఇంట్లో ఉన్నది ఒక్క గేదేనండి."

ఆమె నవ్వి ఒప్పుకున్నారు. కానీ షరతు పెట్టారు, పుండు మీద వేసిన తర్వాత పశువు నాకకుండా గట్టిగా కట్టు కట్టాలి, ఏ పశువుకీ తాగించకూడదు. అది ఆమెకు ఏ పుస్తకంలోంచి వచ్చిందో నేను అడగలేదు. తెలియని మందు పైపూతకే అనేది ఆమె అలవాటు.

రసం పిండిన కాసేపటికి ఎద్దు పుండులోంచి పురుగులు వాటంతట అవే పైకి రావడం చూసి మావ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. కొన్నాళ్ళకి ఎద్దు మేత తిన్నది. రైతు ఆసుపత్రి పెంకులు కప్పడానికి తన మనుషుల్ని పంపాడు.

ప్రతివారం రావివలస నుంచి సంచులు మొయ్యడం కుదిరే పని కాదు. ఉద్దానం ఇసకలో ఈ మొక్క మాకెక్కడా కనబడలేదు. అందుకని విత్తనం తెచ్చి ఆసుపత్రి వెనక వెయ్యాలనుకున్నాం. దీని కాయ ఎండాక అడుగు నుంచి చీలి, తలకిందులుగా వేలాడే చిన్న బుట్టలా విచ్చుకుంటుంది. ఆ బుట్టలో కాగితం ముక్కల్లాంటి పల్చటి గింజలు. గాలి వస్తే ఎగిరిపోతాయి. అంతటి మొండి మొక్కని మొలిపించడం ఎంత పనిలే అనుకుని, మొదటిసారి ఇసక తవ్వి లోతుగా వేశాను. ఒక్కటి కూడా రాలేదు. రెండోసారి పైపైన చల్లాను, గాలి ఎత్తుకుపోయింది. గట్టు మీద ఎవరూ పట్టించుకోకపోయినా పెరిగేది, మడి కట్టి నీళ్ళు పోస్తే ఏడిపించింది.

మావ ఆ పని నా చేతిలోంచి తీసుకున్నాడు. ఇసకలో చెరువు మట్టి కలిపాడు. గింజల్ని పల్చటి పేడనీళ్ళలో నానబెట్టాడు. తొలకరి పడ్డాక వేలితో గీత గీసి, గింజ కనిపించీ కనిపించకుండా మట్టి కప్పి, మీద ఎండు కొబ్బరాకు పరిచాడు. మాకిద్దరికీ ఆశ పోయాక, నెల దాటాక, కొబ్బరాకు కిందనుంచి మొలకలు వచ్చాయి. ఆయన ఆ సాయంత్రం ప్రార్థనలో వాటి సంగతి కూడా చెప్పుకున్నానన్నాడు.

ఒకసారి వేరు పట్టాక ఇక దానికి మేం అక్కర్లేదు. ఎండకి ఆకు రాలేది, వానకి మళ్ళీ చిగిర్చేది. ఏ మేకా ముట్టుకోలేదు. ఎర్రటి ముళ్ళున్న నల్ల గొంగళిపురుగులు మాత్రం దాన్నే వెతుక్కుంటూ వచ్చి మడిని కొరికేసేవి. మావ వాటిని పుల్లతో ఏరి దూరంగా వదిలేవాడు. చంపేవాడు కాదు. "దానికీ ఇదే తిండి మరి" అనేవాడు.

తర్వాతి మూడు నాలుగేళ్ళు ఆ మడి మాకు పేరు తెచ్చింది. జనం దాన్ని పురుగాకు అన్నారు, నన్ను పురుగాకు కంపౌండరన్నారు. తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ వెనక్కి వెళ్ళి చూసి మెచ్చుకునేవాడు. ఒకాయన జలంత్రకోటలో పశువైద్య శిబిరం పెడితే అక్కడ కుండీలో పెట్టి చూపించమన్నాడు. కుండీ మోసుకెళ్ళింది మావ, పక్కన నిలబడి చెప్పింది నేను. అడిగినవాళ్ళకల్లా గింజలిచ్చాం. మావ తన సంఘంలో పంచాడు, నేను తిరిగే ఊళ్ళల్లో పంచాను. దడుల వెంట, నూతుల పక్కన అది పాకింది. దూరపు ఊళ్ళవాళ్ళు పశువుకి పురుగు పడితే ఆసుపత్రికి నడిపించుకుని రావడం మానేసి ఇంట్లోనే కట్టుకునేవారు. మా ఆసుపత్రికి వచ్చే పశువుల సంఖ్య తగ్గిందని పైనుంచి సంజాయిషీ కూడా అడిగారు.

మనుషులు దాన్ని తాగడం ఎప్పుడు మొదలైందో నేను చెప్పలేను. బొడ్డు చుట్టూ రాసుకునేది ఏదో ఒకరోజు గ్లాసులోకి వెళ్ళి ఉంటుంది. కడుపులో పురుగులకీ, జ్వరానికీ, బాలింతలకీ ఇస్తున్నారని తర్వాత తెలిసింది. నేను మొదట చూసింది మావ దగ్గరే. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. ఒక పొద్దున్న వాళ్ళింటికి వెళితే గిన్నెలో నల్లటి కషాయం ఉంది.

"ఏటి మావా అది?"

"పురుగాకే బావూ. నీరు మరగబెట్టి తాగతన్నాను. మోకాళ్ళు తేలికయిపోనాయి."

"అది పశువుల మందు కదా."

"పసువుకి పడినది మడిసికి పడదేటి?"

మేడమ్‌కి చెబితే ఆమె ఆయన్ని పిలిచి వద్దన్నారు. ఆయన సరేనన్నాడు. ఆయన సరేనంటే వినడం అయిందని అర్థం, అంతే. అప్పటికే ఆయన గుళ్ళో, అంటే వాళ్ళ చర్చిలో, సాక్ష్యం కూడా చెప్పేశాడు. వాళ్ళ సంఘంలో ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తమకు చేసిన మేలు ఏదైనా ఉంటే లేచి నిలబడి చెబుతారు. మావ లేచి తన మోకాళ్ళ గురించి చెప్పాడట.

ఆ ఊళ్ళల్లో కిడ్నీ జబ్బు అప్పటికే ఉంది. మేం మడి వెయ్యకముందు నుంచీ ఉంది. నడివయసు మగాళ్ళకి కాళ్ళు పొంగేవి, మొహం ఉబ్బేది, తోటపని చెయ్యలేక కూచునేవారు. తర్వాత విశాఖపట్నం ఆసుపత్రి. తర్వాత చాలామంది తిరిగి వచ్చేవారు కాదు. నీళ్ళ వల్ల అనేవారు కొందరు, ఎండలో పని వల్ల అనేవారు కొందరు. ఎవరికీ తెలియదు. పొద్దున్నే దూడకి సూది వెయ్యడానికి వెళ్ళిన ఇంట్లో, యజమాని అరుగు మీద పొంగిన కాళ్ళు చాపుకుని కూచుని ఉండడం నాకు అలవాటైపోయింది.

ఒక వేసవిలో విశాఖపట్నం నుంచి కిడ్నీ డాక్టరు ఒకాయన కొంతమందిని వెంటబెట్టుకుని రక్తపరీక్షలకి వచ్చారు. బడిలో పిల్లల పరీక్షలు జరుగుతున్నాయి, అందుకని మా వరండా ఇచ్చాం. మధ్యాహ్నం టీ తాగుతూ ఆయన వెనక్కి నడిచారు. నేనూ వెంట వెళ్ళాను. మడి దగ్గర ఆగి, వంగి ఒక పువ్వును తిప్పి చూశారు. ఊదారంగులో బూరలా ఉంటుంది దాని పువ్వు.

"ఇది ఇక్కడ ఎవరు వేశారు?"

అంతవరకు ఆ మడిని చూసి మెచ్చుకోనివాళ్ళు లేరు కాబట్టి నేను ఉత్సాహంగా తుపాను నుంచి మొదలుపెట్టాను. ఆయన మధ్యలో ఆపారు.

"మనుషులెవరైనా తాగుతారా దీన్ని?"

నేను నోరు విప్పేలోపే వెనకనుంచి మావ అందుకున్నాడు. "తాగుతారు బావూ. నానూ రోజూ తాగతాను. రెండేళ్ళు దాటిపోనాది. నా మోకాళ్ళు సూడండి." అని ఆయన ముందు గొంతుక్కూచుని, చెయ్యి ఆనకుండా లేచి చూపించాడు.

డాక్టరు టీ గ్లాసు గట్టు మీద పెట్టారు. "ఇవాళ్టి నుంచి మానెయ్యండి. ఒక్క గుక్క కూడా వద్దు."

ఈ జాతి మొక్కలో ఒక విషం ఉంటుందని, కడుపులోకి పోతే కిడ్నీలని మెల్లగా పాడుచేస్తుందని, ఆ సంగతి వైద్యులకి బాగానే తెలుసని చెప్పారు. చేత్తో ముట్టుకుంటే ఏమీ కాదన్నారు. మావ విన్నాడు. విని, నేను అడగడానికి భయపడుతున్న ప్రశ్న ఆయనే అడిగాడు.

"అయితే మా ఊళ్ళల్లో ఈ జబ్బు దీనివల్లేనేటి?"

"అలా అనను. మీరు ఈ మొక్క వెయ్యకముందే జబ్బు ఉంది. ఈ మొక్క పేరు తెలియని ఇళ్ళల్లోనూ ఉంది. కారణం మాకే తెలియదు, తెలియకే ఇలా తిరుగుతున్నాం. కానీ కిడ్నీలు ఇప్పటికే దెబ్బతింటున్న చోట, దెబ్బతీస్తుందని తెలిసినదాన్ని తాగకూడదు. నేను చెప్పగలిగింది అంతే."

వెళ్ళేముందు మావ రక్తం కూడా తీసుకున్నారు.

ఆ సాయంత్రం గదిలో మేడమ్‌కీ నాకూ మాటామాటా వచ్చింది. ఊళ్ళో మొక్కలు తీయించాలి, అది సరే. మన మడి ఉంచుకుందాం, మనం పైపూతకే వాడుతున్నాం కదా, మందులు ఇప్పటికీ నెలకోసారి ఆగిపోతున్నాయి కదా అన్నాను.

"ఆసుపత్రిలో ఉందంటే మంచిదనే అనుకుంటారు. మనం పంచేది ఆకు ఒక్కటే కాదు" అన్నారు మేడమ్.

మర్నాడు ఇద్దరం కలిసి మడి పీకాం. తీగలు తేలిగ్గానే వచ్చాయి, వేళ్ళు రాలేదు. వేరు ముక్క మిగిలితే మళ్ళీ చిగురిస్తుంది. మేడమ్ చీర చెంగు నడుముకి దోపుకుని గునపం పట్టుకున్నారు. మావ వరండాలో కూచుని చూశాడు గానీ కదల్లేదు.

"ఇది ఎన్ని పసువుల్ని బతికించినాదో నీకు తెల్దా బావూ?" అన్నాడు నాతో. "ఒక డాక్టరు మందంటాడు, ఇంకో డాక్టరు ఇసమంటాడు. నా మోకాళ్ళకి తెల్దేటి ఏది మంచిదో?"

తర్వాతి రోజుల్లో నేనూ మేడమూ ఇంటింటికీ తిరిగాం. అందరూ మర్యాదగా కూచోబెట్టారు, కొబ్బరినీళ్ళు ఇచ్చారు, తీసేస్తామన్నారు. వారం తర్వాత వెళ్ళి చూస్తే మొక్క ఉన్నచోటే ఉంది. కొందరు దాని మీద గంప బోర్లించారు, మాకు కనబడకుండా. ఒక ముసలావిడ మొహం మీదే అడిగింది. "నువ్వే కదా బావూ గింజలిచ్చినావు? ఇచ్చినప్పుడు మంచిది, ఇప్పుడు సెడ్డదయిపోనాదేటి?" ఇంకో ఊళ్ళో, పట్నంలో ఏదో కంపెనీ దీంతో బిళ్ళలు చేస్తోందని, అందుకే ఆసుపత్రివాళ్ళు వెనక్కి లాక్కుంటున్నారని చెప్పుకున్నారు. పంచేటప్పుడు నా మాట అంత తొందరగా నమ్మినవాళ్ళు ఇప్పుడు ఇలా ఎందుకు చేస్తున్నారో నాకు అర్థమయ్యేది కాదు. ఇప్పుడు అనుకుంటాను, ఇచ్చేటప్పుడు నా చేతిలో గింజలున్నాయి, వద్దనేటప్పుడు ఉత్త చేతులతో వెళ్ళాను. మానిన ఎద్దు వాళ్ళ కళ్ళకి కనబడింది. కిడ్నీ ఎవరికి కనబడుతుంది?

కొన్ని వారాలకి డాక్టరు మళ్ళీ వచ్చారు. మావని వరండా చివరికి తీసుకెళ్ళి మాట్లాడారు. నన్నూ రమ్మన్నాడు మావ.

"రక్తంలో కిడ్నీలు వడకట్టాల్సిన చెడు ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉంది. జబ్బు మరీ ముదరలేదు. ఉప్పు తగ్గించి, మందులు వాడి, పరీక్షలు చేయించుకుంటూ ఉంటే నెట్టుకురావచ్చు" అన్నారు డాక్టరు.

"ఆకు వల్లేనా బావూ?"

"అయి ఉండవచ్చు. కాకపోవచ్చు."

మావ తలూపి లోపలికి వెళ్ళిపోయాడు. మర్నాడు మామూలుగానే పనికి వచ్చాడు. సూదులు ఉడకబెట్టాడు, ట్రేలు కడిగాడు. శనివారం సాయంత్రం తలుపుకి తాళం వేస్తూ అన్నాడు. "రేపు మా గుడికి రా బావూ. లోపలికి రానక్కర్నేదు. గుమ్మం కాడ నిలబడు, సాలు."

నేను వెళ్ళాను. వాళ్ళ గుడి చిన్నది, ఒకవైపు ఆడవాళ్ళు, ఒకవైపు మగవాళ్ళు, చాపల మీద కూచున్నారు. చెప్పులు విడిచిన చోట నిలబడ్డాను. సాక్ష్యాల సమయం వచ్చింది. ఒకామె కొడుకు పరీక్ష గట్టెక్కిన సంగతి చెప్పింది, అందరూ స్తోత్రం అన్నారు. అప్పుడు మావ లేచాడు.

"అందరికీ వందనాలు. రెండేళ్ళ కిందట ఇక్కడే నిలబడి నా మోకాళ్ళు బాగయిపోనాయని సెప్పినాను. పురుగాకు తాగినానని, దేవుడు దాన్లో గుణం పెట్టినాడని సెప్పినాను. మోకాళ్ళు బాగానే ఉన్నాయి, అది అబద్ధం కాదు. ఇప్పుడు నా రత్తం సూసినారు. కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. ఆకు వల్లో, నీటి వల్లో డాక్టరుకే తెల్దు. నాకూ తెల్దు. నా మాట ఇని తాగినోళ్ళు ఈ గుడిలో ఉన్నారు. మానీయండి. పైపైన కోసీసి ఊరుకోకండి, మళ్ళీ సిగురిస్తాది. ఏరుతో సహా తవ్వి ఆసుపత్రికి తెచ్చి నాకియ్యండి. నానే పూడుస్తాను. ఇదీ నా సాక్ష్యమే."

ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరు అయ్యగారు పాట ఎత్తుకోబోయి ఆగారు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక పెద్దావిడ అడిగింది, అడగడానికి లేచి నిలబడింది కూడా. "మా కోడలికి పురుటిలో ఇచ్చినాను. దానికేటవుద్ది?"

"నాకు తెల్దమ్మా. రేపు డాక్టరు కాడికి తీసుకెల్దాం. నాను తోడొత్తాను" అన్నాడు మావ.

వెళ్ళారు కూడా. ఆ కోడలికి ఏమీ లేదన్నారు.

ఆ సోమవారం నుంచి మొక్కలు రావడం మొదలైంది. గంపల్లో, తువ్వాళ్ళలో, సైకిలు వెనక కట్టి తెచ్చారు. మేమిద్దరం నెలరోజులు తిరిగి చెయ్యలేనిది ఆయన కాసేపట్లో చేశాడు. కొందరు ఆయన్ని దూరం పెట్టారన్నదీ నిజమే. గుళ్ళో ఆయన పక్కన ఖాళీ ఉండేదని తర్వాత విన్నాను. మా మందుల గది వెనక ఆయన గొయ్యి తవ్వాడు. ఎవరు తెచ్చినా వేరు ఉందో లేదో చూసి, లేకపోతే పలుగు పట్టుకుని వాళ్ళ ఇంటికి వెళ్ళేవాడు.

మావ సంగతి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మీరు దానికోసమే ఎదురుచూస్తారు. ఆయన జబ్బు ముదరలేదు. ఉప్పు మానేశాడు, మాత్రలు వేసుకున్నాడు, మోకాళ్ళ నొప్పులు తిరిగి వస్తే భరించాడు. నాకంటే ముందు రిటైరై చాలాకాలం బతికాడు. ఆకు మానడం వల్ల ఆగిందా, ఎలాగూ ముదిరేది కాదా అంటే చెప్పగలిగినవాళ్ళు లేరు. మేడమ్ ఆ మరుసటేడు బదిలీ మీద వెళ్ళిపోయారు.

నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆయన గొయ్యి తవ్విన వారంలో జరిగింది. మధ్యాహ్నం ఒకామె వచ్చింది. మావ సంఘంలో మనిషే, పలాసలో జీడిపప్పు ఒలిచే పనికి వెళ్ళేది. భర్త కొబ్బరిచెట్లు ఎక్కేవాడు, కిందటేడు కిడ్నీ జబ్బుతో పోయాడు. ఒక చేతిలో మేక పలుపు, ఇంకో చేతిలో తువ్వాలులో చుట్టిన మొక్కలు. మేకని గుంజకి కట్టి, మొక్కలు మావ ముందు పెట్టింది.

"ఏర్లతో తెచ్చినాను. సూసుకోండి."

మావ తువ్వాలు విప్పి చూశాడు. వేళ్ళు బాగానే ఉన్నాయి.

"ఆడూ తాగీవోడు" అంది ఆమె. "మీరు అప్పుడు గుడిలో సెప్పినాక మొదలెట్టినాడు. అందుకేనేటి పోనాడు?"

నేను పక్కనే ఉన్నాను. ఆమె భర్తకి అంతకుముందు నుంచే కాళ్ళు పొంగేవని నాకు తెలుసు. వాళ్ళ ఆవుకి సూది వెయ్యడానికి వెళ్ళినప్పుడు నేనే చూశాను. ఆ మాట అందామని నోరు తెరిచాను. మావ నా వైపు చూసి వద్దన్నట్టు చెయ్యి కదిపాడు.

"తెల్దమ్మా" అన్నాడు.

"ముందునుంచీ కాళ్ళు పొంగీవి ఆడికి."

"పొంగీవి. నాకూ గ్యాపకమే."

"మరి?"

"కాదని సెప్పనేను. అవునని సెప్పనేను. నాను సెప్పకపోతే ఆడు తాగీవోడు కాదు. అది మాత్రం నిజిం."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తువ్వాలు దులిపి మడిచి భుజాన వేసుకుంది. తర్వాత మేకని విప్పి తెచ్చి, వెనక తొడ చూపించింది. కంచెకి గీరుకున్న పుండు, పురుగులు పడి ఉన్నాయి. ఆ వారం మాకు టర్పెంటైను ఉంది. నేను సీసా తీశాను.

"ఆ ఆకే ఎయ్యండి బావూ. అదయితే బేగి లాగీస్తాది. మేక తాగదు కదా" అంది ఆమె.

మేడమ్ లేరు, మండలానికి వెళ్ళారు. నేను మావ వంక చూశాను. ఆయన ఆమె తెచ్చిన మొక్కల్లోంచే నాలుగు ఆకులు తుంచి, రాతి మీద నూరాడు. నేను మేకని పట్టుకున్నాను, ఆమె దాని తల ఒళ్ళో పెట్టుకుంది. రసం పిండి ఎదురుచూశాం. పురుగులు వచ్చాయి. ఆయన ఒక్కొక్కటే తీసి, పుండు కడిగి, నాకకుండా కట్టు బిగించాడు. మిగిలిన మొక్కలు గోతిలో వేసి మట్టి కప్పాడు. చేతులు సబ్బుతో కడుక్కుని, మళ్ళీ కడుక్కున్నాడు.

"కట్టు మార్సడానికి మళ్ళీ తేవాలా?" అని అడిగింది ఆమె.

"నువ్వు పనికెల్తావు కదా. నానే వత్తాను" అన్నాడు మావ.

మర్నాడు పని అయ్యాక దూదీ గుడ్డా సంచిలో పెట్టుకుని వెళ్ళాడు. ఆ తర్వాత రోజూ వెళ్ళాడు. మేక పుండు తొందరగానే మానింది. మావ ఆ ఇంటికి వెళ్ళడం మాత్రం మానలేదు.